మౌంట్ ఎల్బర్ట్ ఒక్కరే ఎక్కొచ్చా? ఎక్కొచ్చు, కానీ వెనక్కి తిరిగే టైమ్ ముందే రాసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీకు 36 ఏళ్ళు, డల్లాస్‌లో ఉద్యోగం. జులై మూడో వారంలో కొలరాడో వచ్చి మౌంట్ ఎల్బర్ట్ శిఖరం ఒక్క రోజులో ఎక్కి దిగాలి. కూడా వస్తామన్న ఇద్దరు స్నేహితులు చివర్లో చేతులెత్తేశారు. టికెట్లు కొనేశారు: గురువారం సాయంత్రం డెన్వర్‌లో దిగడం, శనివారం కొండ, శనివారం రాత్రి తొమ్మిదింటికి తిరుగు విమానం. మీ ఆవిడ ఒక్కరే వద్దంటున్నారు. మీరేమో అలిపిరి మెట్లు రెండుసార్లు ఎక్కాను, ఇదెంత అంటున్నారు. వెళ్ళొచ్చా, వద్దా?

వెళ్ళొచ్చు. కొలరాడోలో పద్నాలుగు వేల అడుగులు దాటిన కొండలు యాభైకి పైగా ఉన్నాయి. వాటిలో మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే రెండు మూడు పేర్లలో ఎల్బర్ట్ ఒకటి. కానీ మూడు షరతులు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా నడక మొదలవ్వాలి. పదకొండింటికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. ఈ రెండు టైములూ ముందు రోజే కాగితం మీద రాసి మీ ఆవిడకి పంపాలి. మూడోది చాదస్తంలా అనిపిస్తుందని తెలుసు. అదే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో చెప్తాను.

నేను డెన్వర్ పక్కనే 2009 నుంచి ఉంటున్నాను. ఎల్బర్ట్‌కి ఐదుసార్లు వెళ్ళాను, మూడుసార్లే పైదాకా చేరాను. మొదటిసారి ఒంటరిగా వెళ్ళింది 2012 జులైలో. కారు దిగి నడక మొదలుపెట్టేసరికి ఏడున్నర. ఎండ బాగుంది, ఆకాశం నీలంగా ఉంది, తొందరేముంది అనుకున్నాను. పదకొండుంపావుకి శిఖరం ఎదురుగా కనిపించింది. పడమర వైపు పిడికెడు దూదిలా ఒక మబ్బు. ఇంకో ఇరవై నిమిషాలే కదా అని నడిచాను. ఆ ఇరవై నిమిషాల తర్వాత తెలిసింది, నేను చూసింది శిఖరం కాదని, దాని వెనక ఇంకోటి ఉందని. ఈలోగా ఆ దూది కాలీఫ్లవర్ పువ్వులా పైకి పొంగింది, అడుగుభాగం నల్లబడింది. అయినా నడుస్తూనే ఉన్నాను. అప్పుడు చేతికర్ర కొన దగ్గర సన్నగా జుయ్‌మని చప్పుడు. పాత ట్యూబ్‌లైట్ చోక్ చేస్తుందే, అదిగో అలా. చూస్తే ముంజేతి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడి ఉన్నాయి. పిడుగు పడబోతోందని దాని అర్థం. నాకప్పుడు తెలియదు, కానీ ఒంటికి తెలిసింది. వెనక్కి తిరిగి పరుగు. శనగగింజలంత వడగళ్ళు మెడ మీద కొడుతుంటే చెట్ల దగ్గరికి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. ఏమీ కాలేదు. అందులో నా తెలివేమీ లేదు.

ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. ఆ రోజు నా పక్కన మా ఆవిడ ఉండుంటే పదకొండింటికే "ఇంక చాలు పదండి" అనేది. ఒంటరి నడకలో అసలు లోటు అదే. కాలు మడతపడితే పట్టుకునే మనిషి లేకపోవడం ఒక ఇబ్బందే, కాదనను. కానీ జులై శనివారం ఎల్బర్ట్ మీద మీరు ఒంటరిగా ఉండరు, ముందూ వెనకా జనం వస్తూనే ఉంటారు. పడితే ఎవరో ఒకరు చూస్తారు. "పదండి" అని మీకు చెప్పేవాళ్ళు మాత్రం ఉండరు. ఆ మాట మీరే మీకు ముందు రోజు సాయంత్రం, కడుపునిండా తిని, తలనొప్పి లేకుండా కూర్చుని ఉన్నప్పుడు చెప్పుకోవాలి. పైన ఉన్నప్పటి బుర్ర మీద నమ్మకం పెట్టుకోకండి.

అలిపిరి లెక్క ఇక్కడ పనికొస్తుందా?

కొంచెం. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిట్టనిలువు, తర్వాత చాలాసేపు చదును, మళ్ళీ మోకాళ్ళ పర్వతం దగ్గర పరీక్ష. అది ఆగకుండా ఎక్కారంటే కాళ్ళు, గుండె బాగానే ఉన్నాయని అర్థం. ఎల్బర్ట్ ఉత్తరపు దారి రానూపోనూ 15 కిలోమీటర్లకి అటూఇటూ, ఎక్కే ఎత్తు దాదాపు 1,400 మీటర్లు. అంటే ఎక్కుడు అలిపిరికి రెండింతలు అనుకోండి. మళ్ళీ అదంతా దిగాలి, ఇక్కడ కిందికి బస్సు లేదు.

అసలు తేడా గాలిలో ఉంది. తిరుమల పైన కూడా మనం సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల లోపే ఉంటాం. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన కొండలు సైతం 1,700 మీటర్లు దాటవు. ఎల్బర్ట్ కింద కారు పెట్టే చోటే సుమారు 3,060 మీటర్లు, పదివేల అడుగుల పైమాట. శిఖరం 14,440 అడుగులు, అంటే 4,401 మీటర్లు. రాకీ పర్వతాలన్నిటిలో ఇదే ఎత్తు. అలాస్కాని పక్కన పెడితే అమెరికాలో కాలిఫోర్నియాలోని మౌంట్ విట్నీ తర్వాత ఇదే. అక్కడ ఒక్కో ఊపిరిలో మీకు అందే ఆక్సిజన్ డల్లాస్‌లో అందే దాంట్లో అరవై శాతం దాకా ఉంటుంది. కాళ్ళలో బలం ఉంటుంది కానీ అడుగు పడదు. ఇరవై అడుగులు వేసి ఆగడం, మళ్ళీ ఇరవై. మారథాన్ పరిగెత్తేవాళ్ళు కూడా అంతే. దానికి సిగ్గుపడక్కర్లేదు.

అందుకే మీ ప్లాన్‌లో నాకు నచ్చనిది కొండ కాదు, శుక్రవారం రాత్రి. నేరుగా లెడ్‌విల్‌లో హోటల్ తీసుకున్నానని రాశారు. ఆ ఊరే 10,150 అడుగుల ఎత్తులో ఉంది. సముద్రమట్టం దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు 9,000 అడుగుల పైన పడుకోవడానికి ముందు ఒకట్రెండు రాత్రులు కింద గడపాలని డాక్టర్లు చెప్తారు. మీరు గురువారం రాత్రి డెన్వర్‌లో ఉంటున్నారు, మంచిదే. శుక్రవారం లెడ్‌విల్ బదులు బ్యూనా విస్టాలో పడుకోండి. అది 8,000 అడుగులకి కాస్త కింద. అక్కడి నుంచి ట్రెయిల్ దగ్గరికి గంట లోపు డ్రైవ్. నిద్ర బాగా పడుతుంది, అది చాలా ముఖ్యం. శుక్రవారం పగలు మాత్రం లెడ్‌విల్ వెళ్ళి ఓ రెండు గంటలు తిరిగి రండి, ఒంటికి కొంచెం అలవాటవుతుంది. ఆ రాత్రి బీర్ వద్దు.

ఎత్తులో వచ్చే తలనొప్పి, వికారం రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అడిగారు. అది డాక్టర్ రాసిచ్చేది. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. నేను వాడను, మా తమ్ముడు వాడతాడు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయని, మాటిమాటికీ ఒంటికి వెళ్ళాల్సి వస్తుందని అంటాడు. మీ డాక్టర్‌ని అడగండి, నన్ను కాదు.

కొండ మీద తలనొప్పి వస్తే

కొంచెం తలనొప్పి చాలామందికి వస్తుంది. ఆగి నీళ్ళు తాగి, ఏదైనా తిని, పది నిమిషాలు కూర్చుంటే తగ్గితే పర్వాలేదు. తలనొప్పితో పాటు వాంతి వచ్చేలా ఉంటే అక్కడితో ఆ రోజు అయిపోయినట్టే, దిగండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, అడుగులు తడబడటం, ఇవి కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా దిగాలి, కనిపించిన మొదటి మనిషికి చెప్పాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాయడం ఇలాగే మొదలవుతాయి. వాటికి మొదటి మందు కిందికి దిగడమే.

చిక్కేమిటంటే, ఒక్కరే ఉన్నప్పుడు మీరు తడబడుతున్నారని మీకు తెలియకపోవచ్చు. నేను రెండు పరీక్షలు పెట్టుకున్నాను. ఒకటి అందరూ చెప్పేదే: నేల మీద కర్రతో గీత గీసి, ఒక కాలి బొటనవేలి ముందు ఇంకో కాలి మడమ ఆనించుకుంటూ పది అడుగులు నడవడం. రెండోది నా సొంతం, నవ్వకండి. పన్నెండు వేల అడుగులు దాటాక ప్రతి అరగంటకీ పదిహేడో ఎక్కం పైకి చదువుతాను. మా ఊళ్ళో మాస్టారు బెత్తం పట్టుకుని కంఠతా పట్టించింది. కింద ఎప్పుడు అడిగినా తడుముకోను. ఒకసారి 13,500 దగ్గర పదిహేడు ఏళ్ళు ఎంత అంటే 109 అన్నాను, దాని మీద కాసేపు వాదించుకున్నాను కూడా. 119 అని గుర్తొచ్చేసరికి బ్యాగ్ సర్దుకుని వెనక్కి తిరిగాను. పైదాకా చేరని రెండుసార్లలో అదొకటి.

దారి

పర్మిట్ అక్కర్లేదు, టికెట్ లేదు. ఉత్తరపు దారి లెడ్‌విల్‌కి నైరుతిగా హాఫ్‌మూన్ రోడ్ మీద మొదలవుతుంది. చివరి కొన్ని మైళ్ళు మట్టిరోడ్డు, మామూలు కారు వెళ్తుంది. శనివారం పొద్దున ఆరు దాటితే పార్కింగ్ దొరకడం కష్టం. తొందరగా వెళ్ళడానికి అదో కారణం.

మొదటి మైలు పైచిలుకు మీరు నడిచేది ఎల్బర్ట్ దారి కాదు, కొలరాడో ట్రెయిల్. అది డెన్వర్ నుంచి డురాంగో దాకా పోయే పెద్ద దారి, ఇక్కడ కాసేపు మనతో వస్తుంది. తర్వాత బోర్డు ఉన్న చోట కుడికి తిరగాలి. చీకట్లో నెత్తి మీద లైట్ పెట్టుకుని, కాళ్ళ ముందు వెలుతురునే చూసుకుంటూ నడిచేవాళ్ళు ఈ మలుపు దాటిపోతారు. నేను దాటిపోయాను. దారి బ్రహ్మాండంగా ఉంది, చదునుగా హాయిగా ఉంది, అదే అనుమానం రావాల్సిన విషయం. ఎల్బర్ట్ దారి ఆ మలుపు దగ్గర్నుంచి చదునుగా ఉండదు. ముప్పావుగంట నడిచాక ఫోన్ తీసి చూస్తే నీలం చుక్క దక్షిణానికి పోతోంది. గంటన్నర వృథా. బయల్దేరే ముందే మ్యాప్ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, నడక మొదలైన అరగంట నుంచి పది నిమిషాలకోసారి చూడండి. సిగ్నల్ లేకపోయినా ఆ చుక్క కదులుతుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే బ్యాటరీ మిగులుతుంది. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది కాబట్టి లోపలి జేబులో పెట్టుకోండి.

మలుపు దాటాక అడవిలో గట్టి ఎక్కుడు. పన్నెండు వేల అడుగుల దగ్గర చెట్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి. అక్కడికి మీరు సూర్యోదయం తర్వాత కాసేపటికల్లా చేరాలి, అంటే ఆరున్నర, మహా అయితే ఏడు. అక్కడ ఓ పది నిమిషాలు కూర్చోండి. తూర్పున లోయ నిండా గులాబీ వెలుతురు, వెనక మౌంట్ మాసివ్. ఎల్బర్ట్ కంటే పన్నెండడుగులే పొట్టి. ఆ కొండ అభిమానులు కొందరు శిఖరం మీద రాళ్ళు పేర్చి దాన్ని ఎల్బర్ట్ కంటే ఎత్తు చెయ్యాలని చూశారట, ఎల్బర్ట్ వాళ్ళు వెళ్ళి పడగొట్టేవాళ్ళట. మన ఊళ్ళలో గణేశుడి విగ్రహాల పోటీలు గుర్తొచ్చాయి నాకు.

అక్కడి నుంచి పైకి దారి స్పష్టంగా ఉంటుంది. చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన చోటు ఒక్కటీ లేదు, లోయ అంచున నడిచే భయం లేదు. 1949లో ఒక జీపునే శిఖరం దాకా తోలారు. అది వినగానే తేలికనుకోవద్దు. రాళ్ళు దొర్లే నిట్టెక్కుడు ఒకటుంది, ఊపిరితో పాటు ఓపికా అక్కడే పోతుంది. ఆ తర్వాత మోసం చేసే శిఖరాలు. అదిగో వచ్చేసింది అనుకుంటారు, చేరాక ఇంకోటి తల ఎత్తుతుంది. ముందే తెలిస్తే నీరసం రాదు. నన్ను 2012లో ముంచింది అదే.

మీ నడకకి పైకి నాలుగున్నర నుంచి ఐదున్నర గంటలు వేసుకోండి, దిగడానికి మూడు. నాలుగున్నరకి మొదలుపెడితే తొమ్మిదిన్నర, పదింటికి పైన ఉంటారు. పైన పావుగంట చాలు.

పదకొండు ఎందుకు?

జులై, ఆగస్టుల్లో కొలరాడోకి దక్షిణం నుంచి తేమగాలి వస్తుంది. దీన్నీ ఇక్కడ మాన్‌సూన్ అనే అంటారు. మన నైరుతిలాగా రోజంతా ముసురు పట్టదు. పొద్దున్నే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది. ఎండకి కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పదింటికి చిన్న మబ్బులు, మధ్యాహ్నానికి పిడుగులు. చెట్లు దాటాక కిలోమీటర్ల మేర మీకంటే ఎత్తైనది ఇంకేమీ ఉండదు. అక్కడ పిడుగు నుంచి దాక్కునే చోటే లేదు. గొంతుక్కూర్చోవడం, కర్రలు విసిరేయడం లాంటివి నమ్ముకోకండి. పిడుగుని పిలిచేది ఇనుము కాదు, ఎత్తు. చెయ్యగలిగింది దిగడం ఒక్కటే. మధ్యాహ్నం పన్నెండుకల్లా చెట్లలోకి వచ్చేసెయ్యాలి. అక్కడ కూడా ఒంటిచెట్టు కింద నిలబడొద్దు, ఒకే ఎత్తు చెట్లు గుంపుగా ఉన్న చోటికి పోవాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఐదు లెక్కపెడితే మైలు దూరం. కానీ ఉరుము వినపడిందంటేనే పిడుగు మిమ్మల్ని అందుకోగలదని అర్థం, లెక్కలు దిగుతూ వేసుకోవచ్చు.

నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ సైట్‌లో మ్యాప్ మీద సరిగ్గా శిఖరం మీద నొక్కితే ఆ ఎత్తుకి వాతావరణం చూపిస్తుంది. లెడ్‌విల్ ఊరి వాతావరణం చూసి వెళ్ళకండి. శుక్రవారం సాయంత్రం చూసి, శనివారం పన్నెండు లోపే ఉరుములని ఉంటే నేను వెళ్ళను.

మీ ఆవిడకి ఇవ్వాల్సిన కాగితం

"జాగ్రత్తగా వెళ్ళొస్తాలే" అంటే ఆమె టెన్షన్ తగ్గదు. ఇలా రాసి పంపండి: ఎల్బర్ట్ ఉత్తరపు ట్రెయిల్, హాఫ్‌మూన్ రోడ్. కారు రంగు, నంబర్. జాకెట్ రంగు. నాలుగున్నరకి మొదలు, పదకొండుకి వెనక్కి, మూడింటికల్లా కారు దగ్గర. కొండ మీద సిగ్నల్ ఉండొచ్చు, లేకపోవచ్చు, మధ్యలో ఫోన్ రాకపోతే కంగారు వద్దు. సాయంత్రం ఆరింటికి కూడా ఫోన్ రాకపోతే లేక్ కౌంటీ షెరిఫ్ ఆఫీసుకి చెయ్యి.

షెరిఫ్ అంటే అక్కడి పోలీసు అధికారి. ఆ ఆఫీసు పది అంకెల నంబర్ వెతికి ఆ కాగితం మీద రాయండి. ఇది చాలామందికి తట్టదు: ఆమె డల్లాస్‌లో కూర్చుని ఎమర్జెన్సీ నంబర్ 911 కొడితే ఫోన్ ఎత్తేది డల్లాస్ వాళ్ళు. అక్కడి నుంచి కొలరాడోకి కలిపేసరికి ఎంత సమయం పోతుందో.

వెతకడానికి వచ్చేవాళ్ళు వాలంటీర్లు. కొలరాడోలో ఈ దళాలు వెతికి కిందికి తెచ్చినందుకు డబ్బులు తీసుకోవు. తర్వాత అంబులెన్సూ, ఆసుపత్రి హెలికాప్టర్ల బిల్లు వేరే సంగతి. బిల్లు వస్తుందేమోనని సాయం అడగడానికి వెనకాడకండి. ఇంకోటి. 2021 అక్టోబర్‌లో ఇదే ఎల్బర్ట్ మీద ఒకాయన దారి తప్పి రాత్రంతా తిరిగాడు. వెతుకుతున్నవాళ్ళు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. కారణం, తెలియని నంబర్ అట! మర్నాడు పొద్దున తనే క్షేమంగా బయటికొచ్చాడు. మన ఫోన్లకి వచ్చే స్పామ్ కాల్స్ తలుచుకుంటే ఆయన్ని తప్పుపట్టలేను, కానీ ఆ ఒక్క రోజు మాత్రం ప్రతి కాల్ ఎత్తండి. మీది ఐఫోన్ 14 గానీ ఆ తర్వాతది గానీ అయితే సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా సాయం అడగొచ్చు. దాని డెమో సెట్టింగుల్లోనే ఉంటుంది, ఇంట్లోనే ఒకసారి చేసి చూడండి.

బ్యాగ్‌లో

నీళ్ళు మూడు లీటర్లు. రెండు చాలవు. ఒక సీసాలో ఓఆర్ఎస్ కలపండి. జీన్స్, కాటన్ టీషర్టు వద్దు, చెమటకి తడిసి పైన గాలికి ఐసు ముక్కలవుతాయి. డెన్వర్‌లో ఎండ మాడ్చేస్తున్నా ఎల్బర్ట్ మీద పొద్దున గ్లవ్స్ లేకుండా వేళ్ళు వంగవు. ఉన్ని టోపీ, గ్లవ్స్, వాన జాకెట్, ఒక వెచ్చటి చొక్కా అదనంగా. నెత్తికి కట్టుకునే లైట్, దానికి వేరే బ్యాటరీలు. చలి ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానకండి. నేను మానేసిన రోజు చెవుల మీద తోలు ఊడొచ్చింది. సబ్బుబిళ్ళంత డబ్బాలో బ్యాండేజీలు, ఐబుప్రొఫెన్, ఒక విజిల్.

తిండి మీ నాలుకకి నచ్చేదే ఉండాలి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. దుకాణంలో దొరికే ఎనర్జీ బార్లు చలికి చెక్కముక్కలవుతాయి, గొంతు దిగవు. నేను తీసుకెళ్ళేది నిమ్మకాయ పులిహోర, చిన్న జిప్ కవర్లలో రెండు గుప్పిళ్ళ చొప్పున. పుల్లగా ఉప్పగా ఉంటుంది కాబట్టి పైన కూడా లోపలికి పోతుంది. పల్లీ చిక్కీ ఇంకా మంచిది, కానీ జేబులో పెట్టి కాస్త వెచ్చబరచాలి. గంటకోసారి ఆకలి లేకపోయినా ఏదో ఒకటి నమలండి. శిఖరం మీద కూర్చుని తినేటప్పుడు కర్రలు పక్కన పడేయకండి. మార్మట్ అని బొద్దుగా ఉడతకి పెద్దన్నలా ఉండే జంతువు వస్తుంది. చెమట ఉప్పు కోసం కర్రల పట్టీలు కొరికేస్తుంది. నావి రెండు పట్టీలు తినేసింది.

ఎలుగుబంట్ల గురించి అడిగారు. ఇక్కడ ఉన్నవి నల్ల ఎలుగులు, మనిషి అలికిడికి తప్పుకుంటాయి. చీకట్లో అడవిలో నడిచే గంటన్నర నేను పాటలు పాడుకుంటాను. నా గొంతుకి ఏ జంతువైనా తప్పుకుంటుంది.

దిగేటప్పుడు

కాళ్ళు జారేది, మడమలు తిరిగేది ఎక్కువగా దిగేటప్పుడే. అయిపోయిందన్న ధీమా, వణికే పిక్కలు, దొర్లే గులకరాళ్ళు. రెండు కర్రలు ఉంటే మోకాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. ముందు రోజు కాలిగోళ్ళు కత్తిరించుకోండి. లేకపోతే నాలుగున్నర వేల అడుగులు దిగేసరికి బొటనవేలి గోరు షూకి తగిలి తగిలి నల్లబడుతుంది. ఈ ప్రయాణం కోసం కొత్త షూ కొన్నానన్నారు. ఇంకా మూడు వారాలుంది కదా, ఈ రోజు నుంచే వేసుకుని ఆఫీసుకి కూడా వెళ్ళండి. డల్లాస్‌లో కొండలు లేవు, పార్కింగ్ గ్యారేజీ మెట్లు ఉన్నాయి. బ్యాగ్‌లో నాలుగు లీటర్ల నీళ్ళ సీసాలు పెట్టుకుని వారానికి మూడు రోజులు గంట చొప్పున ఎక్కి దిగండి. కాళ్ళకి దిగడం నేర్పడానికి అంతకంటే దారి లేదు.

ఇంక మీరు అడగనిది ఒకటి. తిరుగు విమానం శనివారం రాత్రి తొమ్మిదికి అన్నారు. దాన్ని సోమవారానికి మార్చండి, ఎంత ఖర్చయినా సరే. అన్నీ బాగా జరిగి రెండింటికి కారు దగ్గరికి వచ్చినా, అక్కడి నుంచి డెన్వర్ ఎయిర్‌పోర్టుకి రెండున్నర గంటల పైనే, వారాంతపు ట్రాఫిక్ ఉంటే చెప్పలేం. మూడింటికి నిద్ర లేచిన కళ్ళతో ఆ ఘాట్‌రోడ్డు మీద తొందరగా తోలడం నాకు పిడుగు కంటే ఎక్కువ భయం. అసలు కారణం అదీ కాదు. శనివారం పదకొండింటికి మీరు శిఖరానికి మూడొందల అడుగుల కింద ఉన్నారనుకోండి. మళ్ళీ రాలేనన్న ఆలోచన ఉంటే ఆ కాగితం చింపేసి పైకే పోతారు, నేనైనా అంతే. ఆదివారం చేతిలో ఉందని తెలిస్తే వెనక్కి తిరగడం అంత కష్టం కాదు. శుక్రవారం సాయంత్రం మబ్బులుంటాయని చూపిస్తే శనివారం లెడ్‌విల్‌లో తిరిగి, ఆదివారం ఎక్కొచ్చు. టికెట్ మార్చాక ఏ రోజుకి మార్చారో ఇక్కడే రాయండి, ఆ వారం వాతావరణం చూసి మళ్ళీ చెప్తాను.